కైనీసియాలజీ: ఉత్తర అమెరికాలో పీజీ ప్రవేశాలు

మనిషి కదలికను చదివే శాస్త్రం కైనీసియాలజీ. గ్రీకు భాషలో ‘కినేసిస్’ అంటే కదలిక. పేరు అక్కడి నుంచి వచ్చింది. నడక, పరుగు, గెంతు, బరువెత్తడం, కాలు జారినప్పుడు పడిపోకుండా నిలదొక్కుకోవడం, పక్షవాతం వచ్చిన చేతితో మళ్లీ ముద్ద నోటిదాకా తెచ్చుకోవడం, ఇవన్నీ దాని పరిధిలోవే. అమెరికా, కెనడా విశ్వవిద్యాలయాల్లో ఈ శాస్త్రంలో మాస్టర్స్, పీహెచ్‌డీ చదువులున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వీటికి అప్లై చేసేవారిలో ఫిజియోథెరపీ చదివినవారు, వ్యాయామ విద్య చదివినవారు, అప్పుడప్పుడు మెకానికల్ ఇంజనీర్లూ కనిపిస్తారు.

కంప్యూటర్ సైన్స్ ఎం.ఎస్.కు అప్లై చేసిన అన్నయ్యో అక్కయ్యో చెప్పిన పద్ధతి ఇక్కడ పనికిరాదు. అక్కడ మార్కులు, స్కోర్లు చూసి డిపార్ట్‌మెంటే సీటు ఇస్తుంది. కైనీసియాలజీ పరిశోధన కోర్సుల్లో ఒక ప్రొఫెసర్ ‘ఈ విద్యార్థిని నా ల్యాబ్‌లోకి తీసుకుంటాను’ అనాలి. ఆ మాట లేకపోతే మంచి మార్కులున్న ఫైలు కూడా పక్కకు పోతుంది. పోర్టల్‌లో విశ్వవిద్యాలయం పేరే ఉన్నా, దరఖాస్తు చేరేది ఒక మనిషి దగ్గరికి, ఆ మనిషి ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చున్న ఒక ప్రశ్న దగ్గరికి. ఈ సంగతి ముందే తెలిసినవారికి మిగతా పనంతా తేలికవుతుంది.

పేరు వెనుక కథ

కదలిక మీద ఆలోచన పాతదే. అరిస్టాటిల్ జంతువుల కదలిక మీద గ్రంథం రాశాడు. 17వ శతాబ్దంలో ఇటలీకి చెందిన బొరెల్లి కండరాలను, ఎముకలను తులాదండాలుగా భావించి లెక్కలు కట్టాడు. 19వ శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో మారే, అమెరికాలో మైబ్రిడ్జ్ పరుగును ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీశారు. కానీ విశ్వవిద్యాలయాల్లో డిపార్ట్‌మెంట్ల తలుపుల మీద ‘కైనీసియాలజీ’ బోర్డు రావడానికి కారణం ఒక అవమానం.

అమెరికాలో చాలాకాలం ఇది ‘ఫిజికల్ ఎడ్యుకేషన్’. బడులకు వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేయడమే దాని పని. హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్ ఉపాధ్యాయ విద్య మీద 1963లో ఒక పుస్తకం రాశారు. ఈ రంగంలో పీజీ చదువులు అసలు ఉండకూడదని అందులో తేల్చేశారు. మరుసటి ఏడాదే బర్క్‌లీలో ప్రొఫెసర్‌గా ఉన్న ఫ్రాంక్లిన్ హెన్రీ ఒక వ్యాసంలో, ఇది బోధన శిక్షణకే పరిమితం కాదని, తనదైన జ్ఞానం ఉన్న విద్యాశాఖ అని వాదించారు. హెన్రీ డాక్టరేట్ మనస్తత్వశాస్త్రంలో. కదలికను మెదడు ముందే ఎలా సిద్ధం చేసుకుంటుందన్నది ఆయన పరిశోధన. ఆ వాదన నిలబడింది. 1967లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం కైనీసియాలజీ పేరుతో ప్రత్యేక శాఖ తెరిచింది. ఆ పేరుతో ప్రపంచంలో అదే మొదటిది. 1989లో అమెరికాలోని ఈ రంగపు అకాడమీ కూడా ఇదే పేరును ఆమోదించింది.

ఈ చరిత్రతో దరఖాస్తుదారుకు పనేమిటంటే, ఆ పేరు మార్పు అన్నిచోట్లా ఒకేలా జరగలేదు. మిషిగన్‌లో కైనీసియాలజీకి సొంత స్కూలే ఉంది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో అది కాలేజ్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో భాగం. ఇండియానా బ్లూమింగ్టన్‌లోనూ, మసాచుసెట్స్ ఆంహెర్స్ట్‌లోనూ పబ్లిక్ హెల్త్ గొడుగు కిందికి వస్తుంది. సదరన్ కాలిఫోర్నియాలో ‘బయోకైనీసియాలజీ’ పేరుతో ఫిజికల్ థెరపీతో కలిసి ఉంటుంది. ఇంకొన్ని చోట్ల ఎక్సర్‌సైజ్ సైన్స్, అప్లైడ్ ఫిజియాలజీ, హ్యూమన్ మూవ్‌మెంట్ సైన్స్ అంటారు. కైనీసియాలజీ అని టైప్ చేసి వచ్చిన జాబితాతో సరిపెట్టుకుంటే సగం మంచి ల్యాబులు కంటికి కనబడవు.

వెతుకుతున్నప్పుడు అడ్డుపడే మరో పేరు ‘అప్లైడ్ కైనీసియాలజీ’. 1964లో జార్జ్ గుడ్‌హార్ట్ అనే కైరోప్రాక్టర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. చెయ్యి నొక్కి చూసి కండరం బలాన్ని బట్టి జబ్బులు, అలర్జీలు చెప్పవచ్చంటుంది. దానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఈ వ్యాసంలోని చదువుకూ దానికీ సంబంధం లేదు. ఆ సర్టిఫికెట్ ఏదైనా ఉంటే రెజ్యూమెలో పెట్టకపోవడమే మేలు.

ఒక బోర్డు కింద అనేక శాస్త్రాలు

డిపార్ట్‌మెంట్ ఒకటే అయినా పక్కపక్క గదుల్లో పనిచేసేవారి భాషలు వేరు. ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ గదిలో ట్రెడ్‌మిల్ మీద మనిషి పరుగెత్తుతుంటాడు. ముఖానికి మాస్కు, దానికి గొట్టం, గొట్టం చివర పీల్చిన ఆక్సిజన్‌ను, వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే యంత్రం. నిమిషాలు గడిచేకొద్దీ వేగం లేదా ఎత్తు పెంచుతారు. ఎంత పెంచినా ఆక్సిజన్ వాడకం ఇక పెరగని స్థాయి ఒకటి వస్తుంది. దాన్నే వీఓ2 మ్యాక్స్ అంటారు. కండరంలో పుట్టే వేడి మీద పనికి 1922 నోబెల్ అందుకున్న ఏ.వి. హిల్ ఈ ఆలోచనకు ఆద్యుడు.

పక్కనే బయోమెకానిక్స్ గది. తుంటి, మోకాలు, చీలమండల మీద మెరిసే చిన్న బంతులు అంటించుకుని మనిషి నడుస్తుంటే చుట్టూ కెమెరాలు వాటి జాడ పడతాయి. నేలలో అమర్చిన ఫోర్స్ ప్లేట్ పాదం నేలను నెట్టిన బలాన్ని చెబుతుంది. రెండూ కలిపి లెక్క కడితే మోకీలు మీద ఎంత ఒత్తిడి పడిందో తెలుస్తుంది. ఇక్కడ కోడింగ్ రానివారికి కష్టం. మెకానికల్ చదివినవారికి స్వాగతం దొరికేది ఈ గదిలోనే.

మోటార్ కంట్రోల్ వారి ప్రశ్న వేరు. ఒకే పనిని మెదడు ప్రతిసారీ కొద్దికొద్ది తేడాతో చేయించి కూడా ఫలితం ఒకేలా ఎలా రాబడుతుంది? 1920లలో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ సుత్తి దెబ్బలు కొట్టే పనివారిని ఫొటోలు తీసి చూస్తే, చేతి కీళ్లు ప్రతి దెబ్బకూ వేరువేరుగా తిరుగుతున్నా సుత్తి మొన మాత్రం దాదాపు ఒకేచోట పడుతోందట. ఆ పరిశీలన ఇప్పటికీ ఎన్నో థీసిస్‌లకు మూలం. ఇవి కాక క్రీడా మనస్తత్వశాస్త్రం, వికలాంగుల వ్యాయామం, క్రీడల చరిత్ర, సమాజశాస్త్రం ఉన్నాయి. శారీరక శ్రమకూ ప్రజారోగ్యానికీ ఉన్న సంబంధం మరో పెద్ద శాఖ. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని 1953లో జెరెమీ మోరిస్ చూపించిన పని దానికి పునాది.

వీటిలో తనది ఏ గదో తేల్చుకోకుండా దరఖాస్తు మొదలుపెట్టకూడదు.

గైడ్‌ను వెతకడం

డిసెంబరు మొదటి వారం నుంచి జనవరి మధ్య వరకు పీహెచ్‌డీ గడువులు ముగుస్తుంటాయి. మాస్టర్స్‌కు కొన్నిచోట్ల ఇంకా సమయం ఉంటుంది గానీ ఫండింగ్ కావాలంటే ముందు గడువే లెక్క. అంటే వేసవిలోనే చదవడం మొదలుపెట్టాలి. ర్యాంకుల పట్టికతో కాకుండా పరిశోధన పత్రాలతో మొదలుపెట్టాలి. నేషనల్ అకాడమీ ఆఫ్ కైనీసియాలజీ డాక్టోరల్ కోర్సులను ఐదేళ్లకోసారి అంచనా వేసి ఇచ్చే వరుస ఒకటి ఉంది. చూడవచ్చు. అయితే ఆ వరుసలో పైనున్న డిపార్ట్‌మెంట్‌లో తన ప్రశ్న మీద పనిచేసేవారు ఒక్కరూ లేకపోతే ఆ స్థానంతో ఒరిగేదేమీ లేదు.

నచ్చిన పత్రంలో చివరి పేరు సాధారణంగా ల్యాబ్ పెద్దది, మొదటి పేరు ఆ పని చేసిన విద్యార్థిది. గత మూడు నాలుగేళ్ల పత్రాల్లో మొదటి పేర్లు మారుతుంటే ఆ ల్యాబ్‌లో విద్యార్థులకు పని దొరుకుతోందని అర్థం. ల్యాబ్ పేజీలో కొత్త విద్యార్థులను తీసుకుంటున్నామన్న మాట ఉందో లేదో చూసి, సెప్టెంబరు, అక్టోబరుల్లో మెయిల్ రాయాలి.

ఆ మెయిల్ పది వాక్యాలు దాటకూడదు. ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలుపెట్టి, వారి అమూల్యమైన పరిశోధనను పొగిడి, అదే పాఠాన్ని నలభై మందికి పంపితే జవాబు రాదు. చదివిన పత్రం ఏదో చెప్పాలి. అందులో ఏది ఆలోచింపజేసిందో ఒక వాక్యం, తాను చేసిన పని రెండు వాక్యాలు, వచ్చే ఆగస్టుకు విద్యార్థులను తీసుకుంటున్నారా అన్న సూటి ప్రశ్న, చివర రెజ్యూమె. రెండు వారాలు చూసి ఒకసారి గుర్తుచేయడంలో తప్పులేదు. ‘ఈ ఏడు నా దగ్గర నిధులు లేవు’ అన్న జవాబు కూడా మేలే చేస్తుంది, ఆ విశ్వవిద్యాలయానికి కట్టాల్సిన ఫీజు మిగులుతుంది.

ఎస్‌ఓపీలో ఏం రాయాలి

మూడు సిఫారసు లేఖలు, ట్రాన్స్‌క్రిప్టులు, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు, రెజ్యూమె, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఎస్‌ఓపీ). ఫైలులో ఉండేవి ఇవే. జీఆర్ఈని కొవిడ్ తరువాత చాలా కోర్సులు తీసేశాయి. కొన్ని మాత్రం ఇప్పటికీ అడుగుతున్నాయి. ఆ పరీక్ష 2023 సెప్టెంబరు నుంచి రెండు గంటల లోపే ముగుస్తోంది. ఈ ఫైలు మొత్తంలో అభ్యర్థి చేతిలో పూర్తిగా ఉండేది ఎస్‌ఓపీ ఒక్కటే. అందుకే దాని దగ్గర కాసేపు ఆగాలి.

‘చిన్నప్పటి నుంచి నాకు ఆటలంటే ప్రాణం’ అని మొదలయ్యే ఎస్‌ఓపీ చదివేవారికి ఏమీ చెప్పదు. ఈ రంగానికి అప్లై చేసే ప్రతివారికీ ఆటలంటే ఇష్టమే. కన్సల్టెన్సీ రాసిచ్చిన ఎస్‌ఓపీ ఇంకా ప్రమాదం. భాష నునుపుగా ఉంటుంది, మనిషి మాత్రం కనబడడు. తరువాత వీడియో కాల్‌లో ప్రొఫెసర్ ఒక్క ప్రశ్న అడగ్గానే తేడా బయటపడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంటర్న్‌షిప్‌లో ఉన్న ఫిజియోథెరపీ అమ్మాయి ఒకరు గమనించారనుకుందాం, నాట్ల రోజుల తరువాత నడుము నొప్పితో వచ్చే ఆడకూలీలు పెరుగుతున్నారు. బురదలో మోకాళ్లు పెద్దగా వంచకుండా, నడుము దగ్గర పూర్తిగా వంగి, గంటల తరబడి నారు నాటుతారు. ఇంతవరకు అది అనుభవం. ఇక శాస్త్రం. మనిషి పూర్తిగా ముందుకు వంగినప్పుడు వెన్నును నిలిపి ఉంచే కండరాల్లో విద్యుత్ సంకేతం దాదాపు ఆగిపోతుందని, బరువు వెన్నులోని స్నాయుబంధాల మీదికి, లోపలి కణజాలం మీదికి మారుతుందని ఈఎంజీతో, అంటే కండరాల విద్యుత్ సంకేతాల కొలతతో, చేసిన పరిశోధనలు ఎప్పుడో చూపించాయి. నడుము నొప్పి ఉన్న చాలామందిలో ఈ విశ్రాంతి సరిగా రాదు. మరి రోజుకు ఎన్నో గంటలు ఇలా వంగి ఉండే మనిషిలో, నాలుగో గంటకు ఆ కండరాలు ఏ కోణం దగ్గర విశ్రాంతిలోకి వెళుతున్నాయి? మధ్యలో అయిదు నిమిషాలు నిటారుగా నిలబడితే అది మళ్లీ మొదటి స్థితికి వస్తుందా?

ఎస్‌ఓపీకి కావాల్సింది ఈ ప్రశ్న. దీన్ని చదివిన బయోమెకానిక్స్ ప్రొఫెసర్‌కు వెంటనే పరికరాలు, కొలతలు, ఎంతమంది కావాలన్న లెక్క కళ్ల ముందు కదులుతాయి. మిగతా పేజీన్నర ఆ అమ్మాయి ఈ పనికి ఎలా సిద్ధపడిందో చెబుతుంది. స్టాటిస్టిక్స్ ఎంత వచ్చు, ప్రాజెక్టులో ఎవరిని కొలిచింది, ఏది తప్పు చేసి నేర్చుకుంది, ఆ ల్యాబ్ ఏ పత్రానికి ఇది కొనసాగింపు అవుతుంది అన్నవి. ఇలాంటి ప్రశ్నలు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడి మోకులోనూ ఒకటుంది, మిర్చి యార్డులో బస్తా మోసే హమాలీ మెడలోనూ ఒకటుంది. మన విద్యార్థి వీటిని వదిలేసి అరువు తెచ్చుకున్న వాక్యాలతో ఎస్‌ఓపీ నింపడం నిజంగా బాధ కలిగిస్తుంది.

మార్కుల మెమో చెప్పని సంగతులు

మన ఆరోగ్య విశ్వవిద్యాలయాల ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) మెమోలో 64 శాతం అంటే మంచి మార్కులే. అమెరికా బడి లెక్కలో 64 అంటే తప్పే అంచున ఉన్నట్టు. ఈ తేడా తెలియని గుమాస్తా చేతిలో ఫైలు పడితే నష్టమే. అందుకని గ్రేడింగ్ వివరం ముద్రించి ఉన్న ట్రాన్స్‌క్రిప్టును తెప్పించుకోవాలి. విశ్వవిద్యాలయం అడిగితే డబ్ల్యూఈఎస్ వంటి సంస్థల చేత సబ్జెక్టులవారీగా మూల్యాంకనం చేయించాలి. క్లాసులో తన స్థానం ఎంతో సిఫారసు లేఖలో రాయమని అధ్యాపకులను అడగవచ్చు. ‘విధేయుడు, కష్టపడే మనస్తత్వం’ అన్న నాలుగు వరుసల లేఖ కంటే, ప్రాజెక్టు పర్యవేక్షించిన జూనియర్ లెక్చరర్ రాసిన ఒక పేజీ ఎన్నో రెట్లు విలువైనది. కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం కోసం తిరగడం మానేసి ఆ లెక్చరర్ దగ్గరికే వెళ్లాలి.

బీపీటీ నాలుగేళ్లు, ఆపై ఇంటర్న్‌షిప్ కాబట్టి డిగ్రీ కాలంతో పేచీ లేదు. మూడేళ్ల బీఎస్‌సీ ఒక్కటే ఉన్నవారిని కొన్ని విశ్వవిద్యాలయాలు తీసుకోవు. అదే మూడేళ్ల డిగ్రీ తరువాత పీఈసెట్ రాసి రెండేళ్ల బీపీఈడీ చేసినవారికి మొత్తం అయిదేళ్లు అవుతాయి. వారికి అసలు లోటు వేరేచోట ఉంటుంది. అనాటమీ, ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్ క్రెడిట్లు చాలకపోవచ్చు. ఇలాంటప్పుడు షరతులతో సీటు ఇచ్చి, వెళ్లాక ఆ సబ్జెక్టులు పూర్తి చేయమంటారు. దానికయ్యే ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.

లైసెన్సు గురించిన అపోహ

ఈ మాట గట్టిగానే చెప్పాలి. కైనీసియాలజీ ఎం.ఎస్. చదివితే అమెరికాలో ఫిజికల్ థెరపిస్ట్‌గా పనిచేయడానికి అర్హత రాదు. అక్కడ ఆ వృత్తికి దారి మూడేళ్ల డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ (డీపీటీ), ఆపై లైసెన్సు కోసం ఎన్‌పీటీఈ పరీక్ష. మన బీపీటీ, ఎంపీటీతో వెళ్లేవారు ఎఫ్‌సీసీపీటీ వంటి సంస్థల చేత తమ చదువు అక్కడి చదువుకు సమానమని తేల్చుకుని ఆ పరీక్షకు అనుమతి పొందాలి. అథ్లెటిక్ ట్రైనింగ్ కూడా వేరే దారి. గుర్తింపు పొందిన ఆ మాస్టర్స్ చదివి, దాని బోర్డు పరీక్ష రాయాలి. ఈ మూడూ ఒకటేనని నమ్మి అప్పు చేసి విమానం ఎక్కినవారు ఆ తరువాత పడే అవస్థ చిన్నది కాదు.

కెనడాలో పరిస్థితి కొంత వేరు. ఒంటారియోలో కైనీసియాలజీయే నియంత్రిత వృత్తి. 2007 చట్టం కింద ఏర్పడిన కాలేజ్ ఆఫ్ కైనీసియాలజిస్ట్స్ 2013 ఏప్రిల్ నుంచి పరీక్ష పెట్టి రిజిస్ట్రేషన్ ఇస్తోంది. టొరంటో విశ్వవిద్యాలయంలో పరిశోధన ఎం.ఎస్‌సి.తో పాటు వృత్తిపరమైన మాస్టర్స్ కూడా ఉంది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., ఎం.ఎస్‌సి., ఎం.కిన్ మూడూ ఉన్నాయి. కెనడా పరిశోధన డిగ్రీల్లో గైడ్ ఒప్పుకోలు అమెరికా కంటే కూడా ముఖ్యం. చాలాచోట్ల అది లేనిదే ఫైలు కదలదు.

డబ్బు, వీసా

ఫండింగ్ అంటే ఎక్కువగా అసిస్టెంట్‌షిప్. వారానికి 20 గంటల దాకా ల్యాబ్‌లో పనిచేయడం, లేదా డిగ్రీ విద్యార్థులకు ప్రాక్టికల్ క్లాసులు చెప్పడం. దానికి బదులు ట్యూషన్ ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్. పీహెచ్‌డీలో ఇది మామూలు, మాస్టర్స్‌లో అరుదు. అనాటమీ ప్రాక్టికల్స్ చెప్పగలిగిన బీపీటీ విద్యార్థికి టీచింగ్ అసిస్టెంట్‌షిప్ (టీఏ) దొరికే అవకాశం ఉంటుంది కాబట్టి ఆ అనుభవాన్ని రెజ్యూమెలో దాచుకోకూడదు.

అమెరికాలో చదువు అయ్యాక ఉద్యోగం చేయడానికి 12 నెలల అనుమతి, అంటే ఓపీటీ, అందరికీ ఉంటుంది. సైన్స్, టెక్నాలజీ రంగాల ‘స్టెమ్’ జాబితాలోని డిగ్రీకి మరో 24 నెలలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒకే పేరున్న కైనీసియాలజీ డిగ్రీని ఒక విశ్వవిద్యాలయం జీవశాస్త్రాల కోడ్ కింద, అంటే 26తో మొదలయ్యే సంఖ్య కింద నమోదు చేస్తే, మరొకటి 31తో మొదలయ్యే సంఖ్య కింద నమోదు చేస్తుంది. మొదటిదానికి పొడిగింపు ఉంది. రెండోదానికి ఉందని అనుకుని కూర్చోకూడదు. సీటు ఒప్పుకునే ముందు డిపార్ట్‌మెంట్‌కు మెయిల్ పెట్టి ఆ ఆరంకెల సంఖ్యేమిటో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఫిబ్రవరి, మార్చిలలో వీడియో ఇంటర్వ్యూలు, ఆఫర్లు వస్తాయి. అప్పుడే ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న విద్యార్థులతో విడిగా మాట్లాడాలి. వేసవిలో స్టైపెండ్ వస్తుందా, మీ గైడ్ వారానికి ఒకసారైనా మీతో కూర్చుంటారా, ముందున్నవారికి ఎన్నేళ్లు పట్టింది అని అడగాలి. వాళ్లు మొహమాటపడితే ఆ మొహమాటమూ జవాబే. అమెరికా గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానం మీద సంతకం చేసిన విశ్వవిద్యాలయాలు ఫండింగ్ ఆఫర్ మీద నిర్ణయానికి ఏప్రిల్ 15 వరకు గడువు ఇస్తాయి. అంతకుముందే ఒప్పుకోమని తొందరపెడితే ఆ తేదీని గుర్తుచేయవచ్చు. నిర్ణయం చెప్పాక వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం వస్తుంది. అందులో అసిస్టెంట్‌షిప్ మొత్తం నమోదై ఉందో లేదో చూసుకుని, 350 డాలర్ల సెవిస్ ఫీజు కట్టి, వీసా ఇంటర్వ్యూకు వెళ్లాలి.

ఆగస్టులో క్లాసులు మొదలవుతాయి. మొదటి సెమిస్టర్‌లో చాలామంది చేసే పని, మనుషుల మీద పరిశోధనకు అనుమతినిచ్చే ఐఆర్‌బీకి పత్రాలు రాయడం. ఆ అనుమతి చేతికొచ్చేదాకా ఒక్క వాలంటీరు నడుము మీద కూడా ఎలక్ట్రోడ్ అంటించనివ్వరు.